స్థానం–కాలం గ్రాఫ్‌ను గీయడం, చదవడం ఎలా? ఎత్తు వదిలేసి వాలు పట్టుకోండి

ఒక గ్రాఫ్ ఊహించుకోండి. గీత ఎడమ నుంచి ఏటవాలుగా పైకి వెళ్ళింది, కాస్త మేర అడ్డంగా సాగింది, తర్వాత కిందికి దిగింది. "ఈ వస్తువు ఏం చేసింది?" అని అడిగితే, కొత్తగా నేర్చుకునేవాళ్ళు చాలామంది "గుట్ట ఎక్కింది, పైన కాసేపు నడిచింది, దిగింది" అంటారు. మొదటిసారి నేనూ అదే చెప్పాను, అదీ చాలా ధీమాగా. అసలు జరిగింది వేరు. వస్తువు ఒక తిన్నని దారిలో ముందుకు వెళ్ళింది, ఆగింది, వెనక్కి వచ్చింది. అక్కడ గుట్టా లేదు, ఎక్కడమూ లేదు.

గ్రాఫ్ కాగితం మీద కనిపించేది వస్తువు నడిచిన దారి బొమ్మ అనుకోవడంతోనే చిక్కంతా మొదలవుతుంది. అది ఒక హాజరు పట్టీ లాంటిది. ఏ క్షణాన వస్తువు ఎక్కడుందో వరసగా రాసుకుంటూ పోయిన లెక్క. పట్టీలో రెండు కాలమ్‌లు ఉంటాయి: ఒకటి కాలం, ఒకటి స్థానం. వాటినే చుక్కలుగా పెట్టి కలిపితే గ్రాఫ్.

ముందు సున్నా ఎక్కడో తేల్చుకోండి

గీయడానికి కూర్చునే ముందు రెండు నిర్ణయాలు తీసుకోవాలి. మొదటిది, సున్నా ఎక్కడ? దీన్నే మూలబిందువు అంటాం. రెండోది, ఏ వైపును ప్లస్ అనుకుంటున్నాం? ఈ రెండూ మన ఇష్టం. తలుపు దగ్గర సున్నా పెట్టుకోవచ్చు, బల్ల దగ్గర పెట్టుకోవచ్చు. కుడి ప్లస్ అనుకోవచ్చు, ఎడమ ప్లస్ అనుకోవచ్చు. కానీ ఒకసారి అనుకున్నాక లెక్క చివరిదాకా మార్చకూడదు. సగంలో దిశ మార్చేసి, ఆ మైనస్ ఎక్కణ్ణుంచి వచ్చిందా అని తల పట్టుకునేవాళ్ళు చాలామంది.

ఇక్కడే ఇంకో సంగతి. స్థానం అంటే నడిచిన దూరం కాదు. "సున్నా నుంచి ఇప్పుడు ఎంత ఎడంలో, ఏ వైపున ఉన్నాను?" అనే ప్రశ్నకు జవాబు. అందుకే స్థానం మైనస్ కావచ్చు, పెరిగి మళ్ళీ తగ్గొచ్చు. నడిచిన మొత్తం దూరం మాత్రం ఎప్పటికీ తగ్గదు.

అక్షాల సంగతి తేలికే. కాలం అడ్డంగా, స్థానం నిలువుగా. రెండింటి పక్కనా యూనిట్లు రాయండి. స్థానం మైనస్ అయ్యే అవకాశం ఉంటే అడ్డగీతను కాగితం అడుగున కాకుండా మధ్యలో గీసుకోండి, లేకపోతే సగం గ్రాఫ్‌కు చోటుండదు.

ఒక నడకను గ్రాఫ్ చేద్దాం

పొడవాటి వరండాలో ఒకరు నడుస్తున్నారు. తలుపు సున్నా, కుడివైపు ప్లస్. గడియారం మొదలుపెట్టినప్పుడు ఆ మనిషి తలుపుకు కుడివైపు 2 మీటర్ల దగ్గర ఉన్నాడు. 4 సెకన్లలో సమంగా నడిచి 10 మీటర్ల దగ్గరికి చేరాడు. అక్కడ 3 సెకన్లు ఆగాడు. ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగి, తలుపు దాటి అవతలికి, మైనస్ 2 మీటర్ల దగ్గరికి 4 సెకన్లలో వెళ్ళిపోయాడు.

ఇప్పుడు చుక్కలు పెట్టండి. కాలం 0 దగ్గర స్థానం 2. కాలం 4 దగ్గర 10. కాలం 7 దగ్గర కూడా 10, ఎందుకంటే మధ్యలో కదల్లేదు. కాలం 11 దగ్గర మైనస్ 2. చుక్కల్ని స్కేలుతో కలపండి. ప్రతి ముక్కలోనూ నడక సమంగా ఉంది కాబట్టి మూడూ తిన్నని గీతలే.

రెండు విషయాలు గమనించండి. గీత సున్నా దగ్గర మొదలవలేదు, 2 దగ్గర మొదలైంది. గ్రాఫ్ అంటే మూలబిందువు నుంచే బయల్దేరాలని అలవాటుగా అక్కణ్ణుంచే గీసేవాళ్ళు చాలామంది. రెండోది, మధ్యలో అడ్డంగా ఉన్న ముక్క. మనిషి కదలకపోయినా గీత ముందుకు సాగింది, ఎందుకంటే కాలం ఆగదు. ఆగిన మనిషిని చుక్కగా చూపించాలనిపిస్తుంది కానీ, 3 సెకన్లు అదే చోట ఉంటే 3 సెకన్ల పొడవున అడ్డగీత రావాల్సిందే.

వాలు లెక్కించడం

గ్రాఫ్‌లోని అసలు సమాచారం వాలులో ఉంటుంది. స్థానంలో వచ్చిన మార్పును దానికి పట్టిన కాలంతో భాగిస్తే వాలు వస్తుంది. అదే వేగం.

మొదటి ముక్క: 10 లోంచి 2 తీసేస్తే 8 మీటర్లు, పట్టిన కాలం 4 సెకన్లు. వేగం సెకనుకు 2 మీటర్లు. రెండో ముక్క: మార్పు సున్నా, వేగం సున్నా. మూడో ముక్క: చివరి స్థానం మైనస్ 2, మొదటి స్థానం 10, మార్పు మైనస్ 12 మీటర్లు. 4 సెకన్లతో భాగిస్తే సెకనుకు మైనస్ 3 మీటర్లు. ఎప్పుడూ చివరిదానిలోంచే మొదటిది తీసేయాలి. ఈ వరస తిరగబడితే గుర్తు తిరగబడుతుంది, దాంతో మనిషి ఎదురు దిక్కుకు నడిచేస్తాడు.

మైనస్ వేగమంటే నెమ్మది అని కాదు, దిశ వేరని మాత్రమే. వెనక్కి వచ్చేటప్పుడు ఆ మనిషి ఇంకా చురుగ్గా నడిచాడు, అందుకే మూడో గీత మొదటిదాని కంటే నిటారుగా ఉంది. దిశను పక్కనపెట్టి ఎంత చురుగ్గా అన్నది మాత్రమే చెబితే అది వడి. మూడో ముక్కలో వేగం మైనస్ 3, వడి 3. మాటల్లో ఈ రెండింటినీ కలిపేసినా ఫర్వాలేదు, లెక్కలో కలిపితే జవాబు తప్పుతుంది.

మొత్తం 11 సెకన్లకూ ఈ తేడా చూడండి. నడిచిన దూరం 8 ప్లస్ 12, అంటే 20 మీటర్లు. సగటు వడి సెకనుకు సుమారు 1.82 మీటర్లు. స్థానభ్రంశం, అంటే మొదటి చోటు నుంచి చివరి చోటుకు స్థానంలో వచ్చిన మార్పు, మాత్రం మైనస్ 2 లోంచి 2 తీసేస్తే మైనస్ 4 మీటర్లు, కాబట్టి సగటు వేగం సెకనుకు సుమారు మైనస్ 0.36 మీటర్లు. గ్రాఫ్‌లో మొదటి చుక్కను చివరి చుక్కతో నేరుగా కలిపి గీస్తే, ఆ గీత వాలే ఈ సగటు వేగం. మధ్యలో ఏం జరిగిందన్నది దానికి పట్టదు.

మనిషి తలుపు ఎప్పుడు దాటాడు? గీత అడ్డు అక్షాన్ని ఎక్కడ తాకిందో అక్కడ. 7వ సెకను తర్వాత సెకనుకు 3 మీటర్ల చొప్పున 10 మీటర్లు వెనక్కి రావాలి, అంటే ఇంకో 3.33 సెకన్లు. గ్రాఫ్ మీద 10.33 దగ్గర. అక్షాన్ని తాకిన చోట మనిషి ఆగాడని పొరబడకండి. అక్కడ స్థానం సున్నా, వేగం కాదు.

కోణమానిని పక్కన పెట్టండి

వాలు అనగానే కొందరు కోణం కొలిచి, దాని టాన్ విలువ తీసి అదే వేగమనేస్తారు. ఇది పనిచేయదు. ఎందుకో ఒక్క ఉదాహరణలో తెలుస్తుంది. మన మొదటి ముక్కనే రెండు కాగితాల మీద గీయండి. రెండింటిలోనూ అడ్డంగా 1 సెంటీమీటరు అంటే 1 సెకను. మొదటి కాగితంలో నిలువుగా 1 సెంటీమీటరు అంటే 1 మీటరు, రెండోదాంట్లో 2 మీటర్లు. మొదటిదాంట్లో గీత దాదాపు 63 డిగ్రీల్లో లేస్తుంది, రెండోదాంట్లో సరిగ్గా 45 డిగ్రీల్లో. 45 డిగ్రీల టాన్ 1 కాబట్టి వేగం సెకనుకు 1 మీటరని చెబితే తప్పు. మనిషి రెండు కాగితాల్లోనూ సెకనుకు 2 మీటర్లే నడిచాడు. కొలవాల్సింది కాగితం మీది సెంటీమీటర్లను కాదు, అక్షాల మీద రాసిన అంకెల్ని.

అదే కారణంగా, రెండు వేర్వేరు గ్రాఫ్‌లను పక్కపక్కన పెట్టి "ఇది నిటారుగా ఉంది కాబట్టి ఇదే వేగంగా వెళ్ళింది" అనకూడదు. ముందు స్కేళ్ళు ఒకటేనా చూసుకోవాలి. యూనిట్లు కూడా. అడ్డంగా నిమిషాలు, నిలువుగా కిలోమీటర్లు ఉండి, 10 నిమిషాల్లో 3 కిలోమీటర్లు లేచిందంటే వాలు నిమిషానికి 0.3 కిలోమీటర్లు. సెకనుకు 5 మీటర్లన్నా, గంటకు 18 కిలోమీటర్లన్నా అదే.

గీత వంగితే

వేగం మారుతుంటే గీత వంపు తిరుగుతుంది. ఇక్కడినుంచే చాలామందికి టెన్షన్. ఒక బంతిని నిట్టనిలువుగా సెకనుకు 20 మీటర్ల వేగంతో పైకి విసిరామనుకుందాం. వేగం సెకనుకు ఎంత చొప్పున మారుతోందో చెప్పేదే త్వరణం. గురుత్వ త్వరణాన్ని లెక్క తేలిక కోసం సెకనుకు సెకనుకు 10 మీటర్లుగా తీసుకుని, గాలి నిరోధాన్ని వదిలేద్దాం. విసిరిన చోటు సున్నా, పైవైపు ప్లస్. 1 సెకను దగ్గర బంతి 15 మీటర్ల ఎత్తులో ఉంటుంది, 2 దగ్గర 20, 3 దగ్గర మళ్ళీ 15, 4 దగ్గర సున్నా. చుక్కల్ని నున్నగా కలిపితే ఇంద్రధనుస్సు లాంటి పరావలయం వస్తుంది.

మొదటి పేరాలో చెప్పిన పొరపాటు ఇక్కడ మారువేషంలో వస్తుంది. గ్రాఫ్ చూసి "బంతి ముందుకు వంపుగా వెళ్ళి అక్కడెక్కడో పడింది" అనిపిస్తుంది. బంతి అంగుళం కూడా పక్కకు జరగలేదు, తిన్నగా పైకెళ్ళి అదే గీతలో చేతిలోకి వచ్చింది. కుడివైపు జరిగింది కాలం మాత్రమే.

ఇప్పుడు 1వ సెకను దగ్గర బంతి వేగమెంత? వంపులో వాలు ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది కాబట్టి, ఆ చుక్క దగ్గర గీతను ఒరుసుకుంటూ పోయే తిన్నని గీత, అంటే స్పర్శరేఖ గీయాలి. దాని వాలే ఆ క్షణపు వేగం. పారదర్శకంగా ఉండే స్కేలును చుక్క మీద పెట్టి, వంపు చుక్కకు రెండు పక్కలా సమానంగా ఎడమయ్యేదాకా తిప్పండి. ఇంకా కచ్చితంగా కావాలంటే చిన్న అద్దంతో ఒక కిటుకుంది. అద్దాన్ని చుక్క మీద వంపుకు అడ్డంగా నిలబెట్టి తిప్పుతూ ఉండండి. బయటి గీత, అద్దంలోని దాని ప్రతిబింబం ఎక్కడా విరగకుండా ఒకే గీతలా కలిసిపోయినప్పుడు అద్దం అంచు వెంబడి గీత గీయండి. దానికి లంబంగా గీసేదే స్పర్శరేఖ.

మన బంతికి 1వ సెకను దగ్గర గీసిన స్పర్శరేఖ, కాలం 0 దగ్గర 5 మీటర్లనూ, కాలం 2 దగ్గర 25 మీటర్లనూ తాకుతుంది. 20ని 2తో భాగిస్తే సెకనుకు 10 మీటర్లు. స్పర్శరేఖ మీద ఇలా దూరదూరంగా ఉన్న చుక్కలు తీసుకుంటేనే చదవడంలో వచ్చే చిన్న తప్పులు జవాబును పాడుచేయవు.

స్కేలు లేకున్నా సరిచూసుకోవచ్చు. చుక్కకు ఇటు అర సెకను, అటు అర సెకను స్థానాలు తీసుకోండి: 0.5 దగ్గర 8.75 మీటర్లు, 1.5 దగ్గర 18.75. తేడా 10 మీటర్లు, పట్టిన కాలం 1 సెకను. అదే జవాబు. త్వరణం మారకుండా ఉన్న చలనానికి ఈ పద్ధతి కచ్చితంగా సరిపోతుంది, మిగతా వంపులకు ఎడం తగ్గించేకొద్దీ జవాబు నిజానికి దగ్గరవుతుంది.

శిఖరం దగ్గర, 2వ సెకనులో, స్పర్శరేఖ అడ్డంగా ఉంటుంది. వేగం సున్నా. కానీ గీత అక్కడ కూడా వంగుతూనే ఉంది చూడండి. ఆ వంపే త్వరణం. పైన ఆగిన క్షణంలో త్వరణం కూడా సున్నా అనేవాళ్ళకు ఈ గ్రాఫే జవాబు: త్వరణం సున్నా అయితే గీత వంగడం మానేసి అడ్డంగానే సాగిపోవాలి, అంటే బంతి గాల్లోనే వేలాడుతూ ఉండిపోవాలి.

వంపు గుర్తు పట్టడానికి గిన్నె చాలు. గీత వెల్లకిలా పెట్టిన గిన్నెలా ఉంటే త్వరణం ప్లస్, బోర్లించిన గిన్నెలా ఉంటే మైనస్. మన బంతి గ్రాఫ్ మొదట్నుంచీ చివరిదాకా బోర్లించిన గిన్నే, త్వరణం అంతటా మైనస్ 10. అయినా బంతి పైకెళ్ళేటప్పుడు నెమ్మదించింది, దిగేటప్పుడు జోరందుకుంది. కాబట్టి మైనస్ త్వరణమంటే నెమ్మదించడమని బట్టీపట్టి ఉంటే మర్చిపోండి. కుడివైపు జరుగుతూ పోతుంటే గీత చదునవుతోందా, నిటారవుతోందా? చదునవుతుంటే నెమ్మదిస్తోంది, నిటారవుతుంటే జోరు పెరుగుతోంది. అది పైకి నిటారైనా, కిందికి నిటారైనా అంతే.

ఒకే కాగితం మీద రెండు వస్తువులు

ఇక్కడే ఈ గ్రాఫ్‌లు నిజంగా పనికొస్తాయి. రెండు గీతలు ఖండించుకున్నాయంటే ఆ క్షణాన రెండు వస్తువులూ ఒకే చోట ఉన్నాయని అర్థం. వేగాలు సమానమని కాదు. వేగాలు సమానమవ్వాలంటే వాలులు సమానం కావాలి, అంటే గీతలు సమాంతరంగా ఉండాలి. పరీక్షల్లో ఎక్కువగా అడిగేదీ, ఎక్కువగా తప్పేదీ ఇదే.

ఆగి ఉన్న బస్సు కోసం ఒకరు సెకనుకు 6 మీటర్ల వేగంతో పరిగెడుతున్నారు. బస్సు తలుపు ఇంకా 8 మీటర్ల దూరంలో ఉండగా బస్సు కదిలి, సెకనుకు సెకనుకు 2 మీటర్ల త్వరణంతో జోరందుకుంది. మనిషి గీత సున్నా నుంచి తిన్నగా లేస్తుంది. తలుపు గీత 8 దగ్గర అడ్డంగా మొదలై వెల్లకిలా గిన్నెలా పైకి వంగుతుంది: 1 సెకను దగ్గర 9, 2 దగ్గర 12, 3 దగ్గర 17, 4 దగ్గర 24. మనిషి స్థానాలు 6, 12, 18, 24. గీతలు రెండుసార్లు కలిశాయి, 2వ సెకను దగ్గరా 4వ సెకను దగ్గరా. 2వ సెకనులో మనిషి తలుపును అందుకున్నాడు. ఎక్కకుండా అలాగే పరిగెడితే ముందుకు పోతాడు, 3వ సెకనులో 1 మీటరు ముందుంటాడు, 4వ సెకనులో తలుపు మళ్ళీ అతన్ని దాటిపోతుంది.

ఇప్పుడు 8ని 9 చేయండి. వంపు మొత్తం ఒక మీటరు పైకి జరుగుతుంది. తిన్నని గీత దాన్ని ఒక్కచోటే, 3వ సెకను దగ్గర 18 మీటర్ల వద్ద, ఒరుసుకుంటుంది. తాకిన చోట స్థానాలూ సమానమే, వాలులూ సమానమే. అంటే ఆ క్షణంలో మనిషి తలుపు పక్కనే, తలుపు వేగంతోనే ఉన్నాడు. 12 చేస్తే గీతలు కలవవు. అతి దగ్గరగా వచ్చేది మళ్ళీ 3వ సెకనులోనే, అప్పటికి కూడా 3 మీటర్ల ఎడం మిగులుతుంది. ఆ తర్వాత బస్సు వేగమే ఎక్కువ, ఇక పరిగెత్తి లాభం లేదు. సమీకరణం సాధించినా ఇవే జవాబులు వస్తాయి, కానీ ఎందుకు రెండు జవాబులొచ్చాయో, ఎందుకు ఒకటీ రాలేదో కళ్ళకు కట్టేది గ్రాఫే.

రైళ్ళను నడిపేవాళ్ళు ఇదే పని చేస్తారు. స్టేషన్లు ఒక అక్షం మీద, కాలం ఇంకోదాని మీద, ఒక్కో రైలుకు ఒక్కో ఏటవాలు గీత. ఎతియెన్ జూల్ మారే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1878లో ప్రచురించిన పారిస్–లియాన్ రైళ్ళ చార్టు ఇలాంటిదే. ఒకే పట్టా ఉన్న మార్గంలో ఎదురెదురు రైళ్ళ గీతలు ఖండించుకునే చోటు తప్పకుండా పక్క పట్టా ఉన్న స్టేషనో, క్రాసింగ్ చోటో అయి ఉండాలి. మధ్యలో ఎక్కడో ఖండించుకుంటే ఆ టైమ్‌టేబుల్ పనికిరాదు.

గీయకూడని గీతలు

నిట్టనిలువు గీత గీశారంటే వస్తువు కాలమే గడవకుండా చోటు మారిందన్నమాట. జరగదు. గీత ఎడమవైపు వెనక్కి తిరిగినా తప్పే, అప్పుడు ఒకే క్షణంలో వస్తువు రెండు చోట్ల ఉన్నట్టు. మధ్యలో తెగి ఇంకో ఎత్తులో మొదలైనా అంతే. మన వరండా గ్రాఫ్‌లో 4, 7 సెకన్ల దగ్గర ఉన్న పదునైన మూలలు కూడా నిజానికి అబద్ధమే. సెకనుకు 2 మీటర్ల నుంచి సున్నాకు ఒక్క క్షణంలో రావడం ఎవరికీ సాధ్యం కాదు, దగ్గర్నుంచి చూస్తే ఆ మూలలు గుండ్రంగా ఉంటాయి. లెక్క తేలిక కోసం అలా వదిలేస్తాం.

ఇంకో అలవాటు: గీత కింది వైశాల్యం లెక్కించడం. వేగం–కాలం గ్రాఫ్‌లో ఆ వైశాల్యం స్థానభ్రంశాన్నిస్తుంది. ఇక్కడ దానితో మనకు పనిలేదు. ముందు నిలువు అక్షం మీద ఏం రాసుందో చదవండి.

అసలైన అంకెలతో

ఇప్పుడు మీరే ఒకటి గీయండి. 2009 ఆగస్టు 16న బెర్లిన్‌లో యుసేన్ బోల్ట్ 100 మీటర్ల ప్రపంచ రికార్డు నెలకొల్పినప్పుడు, తుపాకీ పేలినప్పటి నుంచి 20 మీటర్లు 2.89 సెకన్లకు, 40 మీటర్లు 4.64కు, 60 మీటర్లు 6.31కి, 80 మీటర్లు 7.92కు, 100 మీటర్లు 9.58కి దాటాడు. అడ్డంగా 1 సెంటీమీటరుకు 1 సెకను, నిలువుగా 1 సెంటీమీటరుకు 10 మీటర్లు తీసుకోండి.

మొదటి ముక్క కాస్త పడుకున్నట్టుంటుంది. 20 మీటర్ల తర్వాత మాత్రం అన్ని చుక్కలూ ఒకే తిన్నని గీత మీద ఉన్నట్టు కనిపిస్తాయి. కంటిని నమ్మకుండా వాలులు లెక్కించండి: సెకనుకు 6.92 మీటర్లు, తర్వాత 11.43, 11.98, 12.42, చివర్లో 12.05. అంటే 60 నుంచి 80 మీటర్ల మధ్య అతను అన్నిటికంటే వేగంగా ఉన్నాడు, ఆఖరి 20 మీటర్లలో కాస్త నెమ్మదించాడు. 11.43కూ 12.42కూ మధ్య తేడా కాగితం మీద రెండున్నర డిగ్రీలు కూడా లేదు. మొదటి చుక్కనూ చివరి చుక్కనూ కలిపే గీత వాలు 10.44, అది మొత్తం పరుగుకు సగటు.

ఆ మొదటి ముక్కను ఇంకొంచెం దగ్గర్నుంచి చూడండి. తుపాకీ పేలాక అతను స్పందించడానికి 0.146 సెకను పట్టింది. మన స్కేలులో అది ఒకటిన్నర మిల్లీమీటర్లు. అంతమేరా గీత సున్నా మీదే అడ్డంగా పడుకుని ఉండాలి, ఆ తర్వాతే వెల్లకిలా గిన్నెలా మెల్లగా పైకి లేవాలి. పెన్సిలు బాగా చెక్కుకుంటే ఆ ఒకటిన్నర మిల్లీమీటర్లు కూడా గీయొచ్చు.